సంధి: వ్యాకరణంలోనూ ఒంట్లోనూ ఒకే మాటేనా?

‘తెలుగు పాఠంలో సంధి అంటే ఒకటి, ఆయుర్వేదం పుస్తకంలో ఇంకొకటి. రెండూ ఒకే మాటా, వేరువేరా?’ అని అడిగారు. ఒకే మాటండీ. సంస్కృతంలో ‘ధా’ అంటే పెట్టడం. ముందు ‘సమ్’ చేరితే దగ్గరగా చేర్చి పెట్టడం. రాజులు రాజీపడినా సంధే, రెండు ఎముకలు కలిసే చోటూ సంధే.

బడిలో ఉత్వసంధి సూత్రం బట్టీపట్టి మార్కులైతే తెచ్చుకున్నాను గానీ, ఈ మాట నాకు నిజంగా అర్థమైంది అమ్మ మోకాళ్ళ నొప్పులప్పుడు. డాక్టరుగారు ఎక్స్‌రే లైటు ముందు పెట్టి, తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య సన్నటి నల్ల గీత చూపించి, “ఈ గ్యాప్ తగ్గిపోయిందమ్మా” అన్నారు. అది ఖాళీ కాదట. అక్కడ మెత్తటి మృదులాస్థి ఉంటుంది, ఎక్స్‌రేలో ఎముకలా తెల్లగా పడదు. అది అరిగితే ఎముకలు దగ్గరైపోతాయి, నొప్పి మొదలవుతుంది.

అక్కడే నాకు తేడా తట్టింది. ‘వాడు + ఎక్కడ’ గబగబా అనండి, ‘వాడెక్కడ’ అవుతుంది. ఉకారం పోయి ఎకారం నిలిచింది. ‘మహా + ఇంద్రుడు’ అయితే ఆ, ఇ రెండూ పోయి ‘మహేంద్రుడు’లో కొత్తగా ఏ వచ్చింది. అంటే వ్యాకరణంలో సంధి జరగాలంటే మధ్య ఎడం పోవాలి. మోకాలిలో ఆ ఎడం ఉండి తీరాలి.

ఇంకో సంగతి. ‘మా + అమ్మ’ను ‘మాయమ్మ’ అంటాం కదా. ఏ అచ్చూ పోలేదు, మధ్యలో ఒక ‘య’ వచ్చి కూర్చుంది. దాన్ని యడాగమం అంటారు, సంధి లేనిచోట వచ్చేది. నా మటుకు మోకాలికి దగ్గరి పోలిక ఇదే: రెండు గట్టివాటి మధ్య ఒక మెత్తనిది!

అలాగని ఒంట్లో సంధులన్నీ మోకాలిలా కదిలేవే అనుకోకండి. పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుతసంహిత లెక్కలో సంధులు 210, అందులో కదలనివీ ఉన్నాయి. పుర్రె పలకల అతుకులు అలాంటివే. వయసు పెరిగేకొద్దీ అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంటాయి, అచ్చం ‘వాడెక్కడ’లాగా.

జ్వరం ముదిరి ఒళ్ళు తెలియక ఏదేదో మాట్లాడితే ‘సంధి ప్రేలాపన’ అంటారు చూడండి, ఆ సంధిని మాత్రం కీళ్ళ లెక్కలో కలపకండి.