పాపతో రోజూ ఓ పావుగంట ఆడుకో, నాన్నా

మొన్న ఫోన్లో "పాపకి నాలుగేళ్ళు నిండాయి పెద్దమ్మా, తెలివి పెరిగే బొమ్మలు ఏవి కొనమంటావు" అని అడిగావు కదా. ఏమీ కొనకు. ఆఫీసు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఫోను పక్క గదిలో పడేసి ఓ పావుగంట దానితో నేలమీద కూర్చో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ పావుగంట పెత్తనం పాపదే. గుజ్జనగూళ్ళాడుతూ ఖాళీ గిన్నెలో గరిటె తిప్పి నీకు వడ్డిస్తే, తిన్నట్టే తిని "ఉప్పెక్కువైందమ్మా" అను. నీళ్ళు పోస్తుందో, మళ్ళీ వండుతుందో, "బాగానే ఉంది తిను" అని నిన్నే దబాయిస్తుందో చూడు. మాట, ఊహ, ఎదుటివాళ్ళ మనసు కనిపెట్టడం అన్నీ ఇలాంటి చోటే వస్తాయి. మధ్యలో "గిన్నె ఏం రంగు? ఇంగ్లీషులో చెప్పు" అన్నావంటే ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది, పిల్ల లేచి పోతుంది.

ఆడుతూ ఆడుతూ బొమ్మని మూల నిలబెట్టి "నోరు మూసుకో" అని గద్దించిందనుకో, స్కూల్లో ఏదన్నా జరిగి ఉండొచ్చు. పాపని నిలదీయకు, "పాపం, బొమ్మ ఏం చేసింది?" అని అడుగు. తన సంగతి చెప్పని పిల్లలు బొమ్మ సంగతి చెప్తారు.

లెక్కల బెంగ ఉంటే అటక మీది వామనగుంటల పీట దింపండి. పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదేసి చింతపిక్కలు. ఇప్పుడే రూల్స్ వద్దు, ఒక్కొక్కటే వేసుకుంటూ పోనీ, వేళ్ళకి పనితనం, లెక్క, తన వంతు వచ్చేదాకా ఆగడం వాటంతట అవే అబ్బుతాయి. చిన్నాడు పిక్కలు నోట్లో పెట్టుకుంటాడు, వాడు పడుకున్నాకే తీయండి. ఇంకోటి, ప్రతిసారీ కావాలని ఓడిపోకు. అది ఓడి ఏడిస్తే ఏడవనీ, పక్కనే కూర్చో.

ఈ వయసు పిల్లలు రోజుకి కనీసం 3 గంటలు ఒళ్ళు కదపాలనీ, టీవీ, ఫోను కలిపి గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఆదివారం పార్కుకి తీసుకెళ్ళు, మామూలు రోజుల్లో తలుపుల చాటున దాగుడుమూతలైనా ఆడించు. ఆ కాసేపూ మీ ఆవిడకి కూడా ఊపిరాడుతుంది, మీ ఇద్దరి మధ్యా ఈమధ్య నడుస్తున్న చిరాకుల్లో సగం ఆమెకి తీరికలేకే అని నా నమ్మకం.

మరీ ఓపిక లేని రోజు డాక్టరాట ఆడు. నువ్వు పేషెంటువి, చాప మీద పడుకుని మూలుగుతుంటే చాలు, సూదులూ మందులూ అన్నీ అదే చూసుకుంటుంది.