పెరటి కోళ్లకు రాత్రి గండం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము నార్త్ కరొలైనాలో, రాలీ నగరానికి దగ్గరలో ఉంటున్నాము. నిరుడు వసంతంలో ఆరు కోడిపిల్లలను తెచ్చి, పెరట్లో చెక్క గూడు పెట్టి, దాని ముందు జాలీతో చిన్న ఆవరణ కట్టాము. వేసవి కదా అని కోళ్లు రాత్రిపూట ఆవరణలోని కర్రపైనే పడుకుంటున్నాయి. పోయిన వారం రెండు రాత్రులలో రెండు పెట్టలు చనిపోయాయి. రెండింటికీ తల లేదు, ఒంటిపై మరెక్కడా పెద్ద గాయం కనిపించలేదు. తలుపుకు వేసిన కొక్కెం వేసినట్లే ఉంది, జాలీ ఎక్కడా తెగలేదు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మా మామగారు ఇది ముంగిస పని అంటున్నారు, పక్కింటివారు రకూన్ (కళ్ల చుట్టూ నల్లని పట్టీ, చారల తోక ఉండి రాత్రిపూట తిరిగే ఇక్కడి జంతువు) అంటున్నారు. దానిని బోనులో పట్టి దూరంగా అడవిలో వదిలిపెట్టవచ్చునా? పిల్లలు ఈ కోళ్లకు పేర్లు పెట్టుకుని పెంచుతున్నారు. మిగిలిన నాలుగింటినైనా కాపాడుకోవాలి.
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ పిల్లలకు కలిగిన దుఃఖం చిన్నది కాదు. చేతులతో గింజలు తినిపించిన ప్రాణి తెల్లవారేసరికి అలా పడి ఉండడం పెద్దలకే కష్టంగా ఉంటుంది.

ముందుగా మీ మామగారి అనుమానం సంగతి. మన ఊళ్లలో కోడిపిల్లలు మాయమైతే మొదట ముంగిసనే తలుచుకుంటాము, అది సహజమే. అయితే చెరకు తోటల్లో ఎలుకలను అదుపు చేయడానికని 1883లో హవాయి దీవులకు తెచ్చిన ముంగిసలు అక్కడ స్థిరపడ్డాయే గాని, అమెరికా ప్రధాన భూభాగంలోని అడవుల్లో ముంగిసలు లేవు. మీరు చెప్పిన గుర్తులన్నీ రకూన్ వైపే చూపిస్తున్నాయి. దాని ముందుకాళ్లకు మనిషి చేతికి ఉన్నట్లు పొడవైన అయిదేసి వేళ్లుంటాయి. జాలీని ఆనుకుని నిద్రపోతున్న కోడిని, లేదా అలికిడికి బెదిరి జాలీ దగ్గరకు వచ్చిన కోడిని, అది బయటి నుంచే కన్నాల్లో చేయి దూర్చి పట్టుకుంటుంది. ఒళ్లంతా ఆ కన్నంలో పట్టదు కాబట్టి తల మాత్రమే దాని చేతికి వస్తుంది. తలుపు తెరవకుండా, జాలీ తెగకుండా కోడి చనిపోవడానికి కారణం ఇదే. గుడ్లగూబ కూడా తల, మెడ తింటుంది గాని అది పైకప్పు లేని చోట దిగుతుంది. నక్క, కయోటి (తోడేలును పోలిన అమెరికా జంతువు) అయితే కోడిని ఎత్తుకుపోతాయి, అక్కడ ఈకలు తప్ప ఏమీ మిగలదు. ఊరకుక్క జొరబడితే దొరికిన కోళ్లన్నిటినీ కొరికి, తినకుండా వదిలివేస్తుంది. వీజిల్ అనే సన్నని జంతువు అంగుళం సందు దొరికితే చాలు లోపలికి దూరి, మెడ వెనుక కొరికి ఒకే రాత్రి చాలా కోళ్లను చంపగలదు.

మీరు వాడినది బహుశా దుకాణాల్లో చికెన్ వైర్ పేరుతో అమ్మే, తేనెపట్టు గదుల వంటి కన్నాలున్న పల్చని తీగ జాలీ అయి ఉంటుంది. పేరు చూసి చాలామంది మోసపోతున్నారు కాబట్టి గట్టిగా చెప్పవలసి వస్తోంది: ఆ జాలీ కోళ్లు బయటకు పోకుండా ఆపడానికి పనికివస్తుంది గాని, బయటి జంతువు లోపలికి రాకుండా ఆపలేదు. బలమైన రకూన్ దానిని చింపగలదు కూడా. దానికి బదులు అర అంగుళం చదరపు కన్నాలతో, తీగలను అతికించి తయారుచేసే, జింకు పూత ఉన్న హార్డ్‌వేర్ క్లాత్‌ను వాడండి. పేరులో క్లాత్ ఉన్నా అది ఉక్కు జాలీయే. ఖరీదు ఎక్కువే. మొత్తం ఆవరణకు ఒకేసారి వేయలేకపోతే ముందు గూటి కిటికీలకు, గాలి సందులకు, ఆ తరువాత ఆవరణ కింది భాగానికి మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు వేయండి. స్టేపుల్ పిన్నులను మాత్రమే నమ్మకండి, రకూన్ వాటిని పీకివేస్తుంది. వెడల్పు వాషర్లు పెట్టి స్క్రూలు బిగించండి. తవ్వుకుని వచ్చే జంతువుల కోసం అదే జాలీని గోడ అడుగు నుంచి బయటి వైపు నేలపై రెండు అడుగుల మేర పరిచి, మేకులతో బిగించి మట్టి కప్పండి. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, రెండు అడుగులు వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలన్న ఆలోచన దానికి రాదు.

ఈసారి మీ కొక్కెం నిలిచింది, రేపు నిలవకపోవచ్చు. మామూలు కొక్కెం, పక్కకు జరిపే గడియ, తిప్పే బిళ్ల, వీటిని రకూన్ తెరవగలదు. గడియ వేసిన తరువాత దాని కన్నంలో స్ప్రింగుతో మూసుకునే క్లిప్ గాని చిన్న తాళం గాని తగిలించండి.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ రాత్రే చేయగలిగినది, చీకటి పడేలోగా కోళ్లను ఆవరణలో నుంచి చెక్క గూటిలోకి చేర్చి తలుపు మూయడం. మన పల్లెల్లో సందెవేళ కోళ్లను గంప కింద కమ్మి, పైన బరువు పెట్టి, ఇంటి వసారాలోనే ఉంచడం వెనుక ఉన్న జ్ఞానం ఇదే. ఈ విషయంలో మీ మామగారి అనుభవం మీకు ఎంతో ఉపయోగపడుతుంది, సాయంత్రం కోళ్లను లెక్కపెట్టి మూసే బాధ్యత ఆయనకు అప్పగించండి. మొదటి నాలుగైదు రోజులు చేత్తో పట్టి లోపల కూర్చోబెడితే, తరువాత అవే అలవాటు పడతాయి. కూర్చునే కర్ర గోడకు తగలకుండా, చేయి అందనంత దూరంలో ఉండాలి. మిగిలిన దాణాను మూత బిగించే ఇనుప డబ్బాలో పెట్టండి, గుడ్లను ఏ రోజువి ఆ రోజే తీయండి.

ఇక పట్టి అడవిలో వదలడం గురించి. దయచేసి ఆ పని చేయకండి. అమెరికా తూర్పు తీరమంతటా రకూన్లలో రేబిస్ ఉంది. 1970ల చివరలో వేట కోసం దక్షిణాది నుంచి తెచ్చిన రకూన్ల ద్వారానే ఆ వ్యాధి వర్జీనియా, వెస్ట్ వర్జీనియా ప్రాంతానికి చేరి, అక్కడి నుంచి ఉత్తరానికి పాకింది. అందువల్లనే అనేక రాష్ట్రాలలో పట్టిన రకూన్‌ను వేరేచోట వదలడం నేరం. పైగా వసంతంలో, వేసవి మొదట్లో మీ బోనులో పడేది పాలిచ్చే తల్లి కావచ్చు, దానిని తరలిస్తే పిల్లలు తొర్రలో ఆకలితో చనిపోతాయి. అంత చేసినా, గూడు బలహీనంగా ఉన్నంత కాలం ఆ చోటికి మరొక రకూన్ వస్తుంది. విషం అసలే వద్దు. తప్పనిసరి అనిపిస్తే రాష్ట్ర వన్యప్రాణి శాఖను అడిగి, వారు చెప్పినట్లు చేయండి.

పిల్లలున్న ఇల్లు కాబట్టి మరొక మాట. రకూన్లు చెట్ల మొదళ్లలో, ఇంటిని ఆనుకుని ఉండే చెక్క అరుగుల (డెక్‌ల) మీద ఒకేచోట మలవిసర్జన చేస్తాయి. అందులో మనిషి మెదడుకు హాని చేయగల ఒక నులిపురుగు గుడ్లుండవచ్చు. అవి సోకే దశకు రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, కనబడిన వెంటనే చేతి తొడుగులు, మాస్కు వేసుకుని తీసివేసి, ఆ చోట మరిగే నీళ్లు పోయండి. బ్లీచింగ్ ద్రావణానికి ఆ గుడ్లు చావవు. పిల్లలను మాత్రం ఆ చోటికి వెళ్లనివ్వకండి.

ప్రశ్న: టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నాము. మా కోడిని పట్టపగలే డేగ చంపి, ఈకలు పీకి అక్కడే తింటోంది. రాళ్లు విసిరితే ఎగిరి మళ్లీ వచ్చింది. ఎయిర్ గన్ వాడవచ్చునా?
— మరొక పాఠకుడు

సమాధానం: వాడకూడదు. డేగలకు, గుడ్లగూబలకు 1918 నాటి వలసపక్షుల ఒప్పంద చట్టం కింద రక్షణ ఉంది, అనుమతి లేకుండా వాటిని చంపడమే కాదు, పట్టడం కూడా ఫెడరల్ నేరమే. కోళ్లు తిరిగే చోటుకు పైన వల కప్పండి. అంత పెద్ద చోటుకు కప్పలేకపోతే, పరుగెత్తి దూరడానికి గుబురు పొదలు గాని, తక్కువ ఎత్తు బల్లలు గాని అక్కడక్కడ పెట్టండి. మెరిసే రిబ్బన్లకు, పాత సీడీలకు డేగ కొద్ది రోజుల్లోనే అలవాటు పడుతుంది. ఒకసారి కోడి దొరికిన చోటికి అది తిరిగి వస్తుంది కాబట్టి, ఒకటి రెండు వారాలపాటు కోళ్లను కప్పు ఉన్న ఆవరణ దాటి బయటకు వదలకండి.