కాన్ఫరెన్స్‌కి విదేశం వెళ్లాలి, అకౌంట్లో డబ్బు అంతంతమాత్రం. ఎలా నెట్టుకురావాలి?

రీసెర్చ్ పేపర్ యాక్సెప్ట్ అయింది, డిపార్ట్‌మెంట్ డబ్బు తర్వాత ఇస్తానంది, ఈలోగా ఖర్చు ఎక్కడ తగ్గించుకోవాలి అని కదా మీ ప్రశ్న. తగ్గించుకోవడం సంగతి తర్వాత. ముందు మీ డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుంటుందో లెక్కేసుకోండి. రీయింబర్స్‌మెంట్ అంటే యూనివర్సిటీకి మీరు వడ్డీ లేని అప్పు ఇవ్వడమే. టికెట్ రెండు నెలల ముందు కొంటారు. క్లెయిమ్ పెట్టేది తిరిగొచ్చాక, డబ్బు పడేది ఇంకెప్పుడో. మధ్యలో క్రెడిట్ కార్డుకి వడ్డీ పడితే ఆ భారం మీదే.

అందుకే టికెట్ కొనకముందే ఆఫీసులో అడగండి: టికెట్టూ రిజిస్ట్రేషనూ వాళ్లే నేరుగా కడతారా, అడ్వాన్స్ ఇస్తారా, ముందస్తు అనుమతి కావాలా. ఈ చివరిది మరిచిపోతే మొత్తం క్లెయిమే పోవచ్చు. అనుమతి తేదీ కంటే ముందే కొన్న టికెట్ కనిపిస్తే ఫైలు వెనక్కి పంపడానికి అకౌంట్స్ వాళ్లకి ఇంకో కారణం అక్కర్లేదు. స్టూడెంట్ వాలంటీర్లని తీసుకునే కాన్ఫరెన్సులు చాలానే ఉన్నాయి. కొన్ని గంటలు బ్యాడ్జీలు పంచి, హాల్లో మైకు అందిస్తే రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ. దాని గడువు వేరుగా ఉంటుంది, విడిగా చూసుకోండి.

వీసా దగ్గర చాలామంది ఊరికే డబ్బు వదులుకుంటారు. షెంగెన్ దేశాలకైతే (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) శాస్త్రీయ సదస్సుకో సెమినార్‌కో వెళ్లే పరిశోధకులకి వీసా ఫీజు మినహాయింపు నిబంధనల్లోనే ఉంది. ఆహ్వాన లేఖలో సదస్సు పేరు, తేదీలు, మీరు పేపర్ చదువుతున్నారన్న మాట స్పష్టంగా రాయించుకుని కౌంటర్లో మీరే అడగాలి. దరఖాస్తు తీసుకునే ఏజెన్సీ సర్వీసు చార్జీ మాత్రం వేరు, అది తప్పదు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. పాస్‌పోర్ట్ గడువు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో 3 నెలలైనా మిగలాలి.

చవగ్గా వస్తోందని రెండు విమానాలకి రెండు వేర్వేరు టికెట్లు కొనేముందు ఆలోచించండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో ఎయిర్‌లైన్‌కి మీతో సంబంధం లేదు, కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే. పైగా మధ్యలో లగేజీ తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చేయాలంటే ఇమిగ్రేషన్ దాటాలి, దానికి ఆ దేశపు వీసా అడగొచ్చు. దూరప్రయాణానికి ఒకే బుకింగ్ కాస్త ఎక్కువైనా నయం.

ఇక కార్డు. దుకాణంలో మెషీన్ మీద రెండు అంకెలు కనబడతాయి: ఒకటి అక్కడి కరెన్సీలో, ఇంకోటి మీ దేశపు కరెన్సీలో. తెలిసిన కరెన్సీ కదా అని రెండోది నొక్కుతారు, దెబ్బ తగిలేది అక్కడే. ఆ మార్పిడి రేటు మీ బ్యాంకుది కాదు, మెషీన్ నడిపేవాళ్లది. అందులో వాళ్ల లాభం కలిసే ఉంటుంది. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే నొక్కండి. ఏటీఎంలోనూ అంతే. ‘మార్పిడి వద్దు’ అని నొక్కితే లావాదేవీ రద్దవుతుందేమో అని భయపడతారు. రద్దవదు, డబ్బు వస్తుంది. విత్‌డ్రా చేసిన ప్రతిసారీ చార్జీ పడే కార్డైతే కొంచెం కొంచెంగా కాకుండా ఒకేసారి తీయండి. క్రెడిట్ కార్డుతో మాత్రం నగదు తీయొద్దు, వడ్డీ సాధారణంగా ఆరోజు నుంచే మొదలు. హోటల్ డిపాజిట్‌కి డెబిట్ కార్డు ఇస్తే ఆ మొత్తం చెక్‌అవుట్ తర్వాత కూడా కొన్నిరోజులు బ్లాకై ఉండొచ్చు. అకౌంట్లో ఉన్నదే కొంచెం అయితే ఇది పెద్ద ఇబ్బంది.

తిరిగొచ్చాక పెట్టే క్లెయిమ్‌కి కార్డు స్లిప్పు బిల్లు కిందకి రాదు. ఏం కొన్నారో వివరంగా ఉన్న బిల్లు అడిగి తీసుకోండి, హోటల్ బిల్లు మీద మీ పేరు, తేదీలు ఉండాలి. థర్మల్ కాగితం మీద అచ్చు కొన్ని వారాల్లోనే వెలిసిపోగలదు, అందుకని తీసుకున్న వెంటనే ఫోటో తీయండి. బోర్డింగ్ పాస్‌లు కూడా దాచండి.

సదస్సులో మీ పరిశోధనని చూపించే పోస్టర్‌ని చుట్టి తీసుకెళ్లే ట్యూబ్ గురించి ఎవరూ చెప్పరు. ఏ0 సైజు పోస్టర్ 841 × 1189 మిల్లీమీటర్లు. దాని ట్యూబుని చవక ఎయిర్‌లైన్లు రెండో బ్యాగుగా లెక్కేసి గేటు దగ్గర డబ్బు అడగొచ్చు. గుడ్డ మీద ప్రింట్ చేయిస్తే చొక్కాలా మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు, ముడతలు ఆవిరి పడితే చాలావరకు పోతాయి. పవర్ బ్యాంక్ క్యాబిన్ బ్యాగులోనే పెట్టాలి, మామూలు పరిమితి 100 వాట్ అవర్. 20,000 ఎంఏహెచ్‌ని 3.7 వోల్టులతో లెక్కేస్తే 74 వస్తుంది, ఫర్వాలేదు.

తిండికి వంటగది ఉన్న ప్రయాణికుల హాస్టల్ చూసుకుంటే చాలు, అందులో పెద్ద విద్యేమీ లేదు.

చివరి రోజున చిల్లర నాణేలు మిగిలితే వాటిని మనీ ఛేంజర్లు సాధారణంగా తీసుకోరు. సూపర్‌మార్కెట్ కౌంటర్లో ముందు నాణేలన్నీ ఇచ్చేసి, తక్కువ పడినంత కార్డుతో కడతానని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.