ఐదు కంప్యూటర్లు కొనబోతున్న అక్క కూతురికి

చిరంజీవి చిట్టితల్లికి పిన్ని ఆశీస్సులు.

చెన్నై తాంబరంలో గది అద్దెకు తీసుకుని, ఐదు కంప్యూటర్లు పెట్టి, పిల్లలకు టైపింగు, జమాఖర్చులు రాసే ట్యాలీ ప్రోగ్రాము నేర్పబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. వెంటనే ఇరుగుపొరుగు వాళ్లందరికీ చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. రెండు కోర్ల ప్రాసెసర్లున్న యంత్రాలు చవకగా వస్తున్నాయని, వాటితో సరిపెట్టుకుంటానని అన్నావట. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటిది, కోర్లంటే అందులో విడివిడిగా పని చేసే భాగాలు. ఇరవై ఏళ్ల కిందట ఇంచుమించు ఇలాంటి మాటే అని దెబ్బతిన్నదాన్ని కనుక రాస్తున్నాను.

తేలిక సంగతులు ముందు చెప్పేస్తాను. హార్డ్ డిస్కుతో నడిచేది వద్దు, ఫైళ్లు దాచుకోవడానికి దానికంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ ఉండాలి. ర్యామ్, అంటే పని నడుస్తుండగా వాడుకునే మెమరీ, 8 జీబీకి తగ్గకూడదు; దాన్ని 4 జీబీల చొప్పున రెండుగా వేయిస్తే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌కు మేలు. బిల్లు తీసుకో.

2006 వేసవిలో నేను కోడంబాక్కంలో మిద్దె మీది రేకుల గదిలో డీటీపీ పని, అంటే అచ్చుకు పేజీలు కంప్యూటర్ మీద కూర్చే పని, చేసేదాన్ని. తెలుగు, తమిళ శుభలేఖలన్నీ 3 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ప్రాసెసర్ మీదే తయారయ్యేవి. ప్రాసెసర్ గడియారం సెకనుకు వంద కోట్లసార్లు కొట్టుకుంటే అది ఒక గిగాహెర్ట్జ్. వైశాఖ ముహూర్తాలు ముంచుకొస్తున్నాయి, పని తెమలడం లేదు. అప్పుడు మీ అమ్మ తన చేతి గాజులు రెండు తీసి ఇస్తే, తాకట్టు పెట్టి, మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ వీధికి వెళ్లి పెంటియం డి 805 ఉన్న కంప్యూటర్ కొన్నాను. దాని వేగం 2.66 గిగాహెర్ట్జ్. రెండు కోర్లున్నాయి కనుక రెండూ కలిపితే ఐదు దాటుతుందని మనసులోనే కూడుకున్నాను. నన్నెవరూ మోసం చేయలేదు, ఆ కూడిక పూర్తిగా నాదే.

తీరా చూస్తే, కొత్త యంత్రం మీద నేను పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము పాతదాని మీదకంటే నెమ్మదిగా నడిచింది. ఆ ప్రోగ్రాముకు ఒక్క కోరుతోనే పని, రెండోది ఊరికే కూర్చుంటుంది. పైగా అందులోని కోర్లు నా పాత పెంటియం 4 వంశానివే. ఒక్కొక్కటి వేగంలో పదోవంతుకు పైగా తక్కువ, ర్యామ్‌తో మాట్లాడే దారి, అంటే బస్ కూడా 800 మెగాహెర్ట్జ్ నుంచి 533కు పడిపోయింది. మీ అమ్మ గాజులిచ్చి నేను తెచ్చుకున్నది, నా పని వరకు, పాతదానికంటే తక్కువ సరుకు.

అంతటితో బుద్ధి వచ్చిందా అంటే రాలేదు. ఆ జూలైలోనే కోర్ 2 డుయో అనే కొత్త రెండు కోర్ల ప్రాసెసర్ వచ్చింది. 1.86 గిగాహెర్ట్జ్ అని చూసి నవ్వాను. నా ప్రాసెసర్‌లో ప్రతి ఆదేశమూ 31 అంచెలు దాటితే, దానిలో 14 అంచెలే. గడియారం నిదానంగా కొట్టుకున్నా ఒక్కో టిక్కులో అది చేసే పని ఎక్కువ. గిగాహెర్ట్జ్ అంకెను ఒకే తరం, ఒకే కుటుంబం ప్రాసెసర్ల మధ్యనే పోల్చుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. మరో రెండు నెలలు ఓపిక పట్టి ఉంటే 95 వాట్ల వేడి పుట్టించేదానికి బదులు 65 వాట్లది వచ్చేది. ఆ రేకుల కింద, దుమ్ము దులపని ఫ్యాన్‌తో, నా యంత్రం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి ఆగిపోయింది; సేవ్ చేయని శుభలేఖలు పోయాయి. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లలో మీ అమ్మ ఒక్కసారి కూడా అడగలేదు, బోసి చేతులతోనే నీకు అన్నం కలిపి పెట్టేది.

ఇప్పుడు నీ సంగతి. పెంటియం జీ4560 ఉన్న పాత ఆఫీసు యంత్రాలు చూశావట. 2017లో 64 డాలర్ల ధరకు రెండు కోర్లూ నాలుగు థ్రెడ్లూ ఇచ్చిన మంచి ప్రాసెసర్ అది. థ్రెడ్లంటే, మా డీటీపీ భాషలో, ఒక ఆపరేటర్ ప్రూఫు కోసం ఎదురుచూస్తుండగా మరొకరు అదే మిషను ముందు కూర్చోవడం, అంతే తప్ప మిషన్లు రెట్టింపు కావు. కానీ అది ఏడో తరానిది, విండోస్ 11 ఆమోదించే ప్రాసెసర్ల జాబితాలో లేదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇప్పుడు అవి చవకగా రావడానికి ఇదీ ఒక కారణమే. విద్యార్థుల లెక్కలు ఉండే యంత్రాలకు భద్రతా అప్‌డేట్లు లేకపోతే ఎలా?

కొత్తదే కొనేటట్లయితే 2022లో వచ్చిన పెంటియం గోల్డ్ జీ7400 చూడు: 3.7 గిగాహెర్ట్జ్, రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, 46 వాట్లు. టైపింగుకూ, ట్యాలీకీ చాలు. అది కూర్చునే గూట్లోనే, అంటే సాకెట్‌లోనే, తరువాత నాలుగు కోర్ల ఐ3-12100 ప్రాసెసర్ పెట్టుకోవచ్చు. అందుకే విలువను ప్రాసెసర్ ధరతో కాక మొత్తం యంత్రం ధరతో లెక్కించు. ఇరవై అయిదు వేల యంత్రంలో ప్రాసెసర్ మీద రెండు వేలు మిగిలితే నూటికి ఎనిమిది మిగిలినట్టే; ఆ ఎనిమిది కోసం సగం కోర్లు వదులుకోవాల్సి వస్తే ఒకటికి రెండుసార్లు ఆలోచించు. రెండు కోర్లవాటికి అసలు కష్టం వెనకాల వచ్చిపడే పనులతోనే: యాంటీవైరస్ వెతుకులాట ఒక కోరును పట్టుకుంటే పిల్లకు మిగిలేది రెండోదే. కొట్లో వాళ్లు చూపించే మల్టీకోర్ స్కోరొక్కటే, అంటే కోర్లన్నీ కలిసి చేసే పనికి వచ్చే మార్కులే, నమ్మకు; ఒక్క కోరుకు వచ్చే సింగిల్ కోర్ స్కోరు కూడా అడుగు. యాంటీవైరస్ స్కాన్ నడుస్తుండగా ట్యాలీ, పాఠం వీడియో, పది ట్యాబుల బ్రౌజర్ తెరిపించి, విండోస్‌లోనే ఉండే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ (ప్రాసెసర్) వాడకం నూటికి నూరు దగ్గర ఎంతసేపు నిలుస్తుందో చూడు.

నలభై ఆరు వాట్లకు ఇంత భయమేమిటని నవ్వుతావు, నవ్వుకో. పై అంతస్తు గది మాత్రం తీసుకోవద్దు. ఐదు యంత్రాలు, పదిమంది పిల్లలు, చెన్నైలో మే నెల. కిటికీ ఎదురుగా కిటికీ ఉన్న గదే చూసుకో. మూడు నెలలకోసారి ఫ్యాన్లు దులుపు. దులపకపోతే నేనే వచ్చి దులుపుతాను, తిట్లతో సహా.

శనివారం రిచీ వీధికి వెళ్తానన్నావట. పదింటికి మౌంట్ రోడ్డు మలుపులో నిలబడి ఉంటాను. అడ్వాన్సు ఎవరికీ ఇవ్వకు, మీ అమ్మను డబ్బు అడగకు. నా దగ్గర కొంత ఉంది.

ఇట్లు,
నీ పిన్ని