గుండె నొప్పికి చీటీ లైనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. నాన్నగారికి 61 ఏళ్లు, షుగరుంది. గుండెల్లో బరువుగా ఉందంటే రాత్రి ఓ ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లాం. చీటీ లైన్లో అరగంట, బెంచీ మీద గంటన్నర. మా వెనకొచ్చినవాళ్లను ముందు లోపలికి పిలిచారు. చివరికి ఈసీజీ తీసి, బాగానే ఉంది, కూర్చోండి అన్నారు. మళ్లీ వెళ్లాల్సొస్తే ఏం చేయాలి?

జవాబు: క్యాజువాలిటీలో వరుస ప్రాణాపాయాన్ని బట్టే. వెనకొచ్చినవాళ్లు ముందు వెళ్లడం తప్పు కాకపోవచ్చు. చీటీ లైన్లో అరగంట మాత్రం తప్పే. ఛాతీ నొప్పితో వస్తే 10 నిమిషాల్లో ఈసీజీ తీసి డాక్టరు చూడాలి. ఒకరు చీటీకి వెళ్లండి, ఇంకొకరు పేషెంటుతో నేరుగా నర్సు దగ్గరికి. "గ్యాసేమో" అని మాత్రం మీరే అనకండి. నొప్పి ఎన్నింటికి మొదలైంది, చెమట, ఆయాసం, షుగరు, వాడే మందులు చెబితే చాలు. నర్సుకు తెలుగు రాకపోతే ఒడియాలో "ఛాతి జొంత్రొణా హేఉఛి, ఝాళొ బొహుఛి" (ఛాతీ నొప్పిగా ఉంది, చెమట పడుతోంది) అనండి.

మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండెపోటు లేదని కాదు. మొదట్లో మార్పు కనబడకపోవచ్చు. నొప్పి తగ్గకపోతే 15–30 నిమిషాల తేడాతో మళ్లీ తీయాలి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) రక్తపరీక్షా అంతే, అది పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే తర్వాత రెండోసారి చేస్తారు. ఆ కూర్చోబెట్టడం ఇందుకే అయితే సరే, ఒకసారి తీసి మరిచిపోతే అశ్రద్ధే. రెండోది ఎన్నింటికో అడిగి రాసుకోండి. ఈలోగా చెమట పట్టినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే నర్సుకు మళ్లీ చెప్పాలి. ఇందాకే చెప్పాంగా అని ఊరుకోవద్దు. షుగరున్నవాళ్లలో నొప్పి అసలు తెలియకపోవచ్చు, ఆయాసమే గుర్తు కావచ్చు.

బరంపురమో శ్రీకాకుళమో రిఫర్ చేస్తే, కదిలేముందు ఒక ప్రశ్న అడగండి: రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇవ్వగలరా? అది నొప్పి మొదలైన 12 గంటల్లోపే ఇస్తారు, ఆలస్యమైన కొద్దీ గుణం తగ్గుతుంది. ఇస్తే మందు పేరు, మోతాదు, టైము రిఫర్ చీటీ మీద రాయించుకోండి. ఈసీజీ కాగితాలూ వెంట ఉండాలి. గడ్డ కరిగించే ఆ మందుల్లో ఒకటైన స్ట్రెప్టోకైనేజ్ ఒకసారి పడితే మళ్లీ అదే ఇవ్వరు. ఒంట్లో దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు తయారవుతాయి కాబట్టి ఆ చీటీ ఇంట్లోనూ దాచండి.

ముందు డబ్బు కట్టమంటే ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స ఆపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పిందని గుర్తుచేయండి. ఫిర్యాదు సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా, వచ్చిన టైముతో ఇవ్వండి. కేసు కాగితాల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.