సగంలో ఆగిన బొంత

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. గృహిణిని. పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న పట్నం మాది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటిల్లిపాదికీ మాస్కులు కుట్టగా మిగిలిన జాకెట్టు ముక్కలతో బొంత మొదలుపెట్టాను. కోనసీమలో తమ్ముడి దగ్గరున్న అమ్మ ఫోన్లో చెబుతుంటే కుట్టేదాన్ని. ఇంట్లో ఉన్నది ఎర్రదారం ఒక్కటే, షాపులు మూసేశారు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా మావారికి ఆఫీసు మీటింగులు కాబట్టి ఇల్లంతా నిశ్శబ్దం. నిజం చెప్పాలంటే అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. రెండు బొంతలు పూర్తయ్యాయి. మూడోది సగంలో ఉండగా 2021 మేలో అమ్మ కోవిడ్‌తో పోయింది. ఆఖరి చూపు కూడా దక్కలేదు. తమ్ముడొక్కడే అన్నీ చేశాడు. అప్పటినుంచి సూది పడితే చెయ్యి ఆడదు. నా దగ్గరున్న అమ్మ చీరలతో ఆ బొంత పూర్తి చేస్తానంటే తమ్ముడు ‘అమ్మ చీరలకి కత్తెర పెడతావా’ అని ఫోన్ పెట్టేశాడు. బజార్లో ఆరొందలకి దుప్పటి వస్తుందని మావారు అంటారు. అమ్మాయి నలభై రంగుల దారాలు తెప్పించింది, బొంతలు అమ్ముకోవచ్చంటుంది. నాకేమో ఒక్క ఆలోచనా రావట్లేదు. జనం అన్ని కష్టాలు పడుతుంటే రంగు ముక్కలతో మురిసిపోయాను, అందుకే ఇలా జరిగిందా?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానికి ముందు జవాబు చెప్తాను. అందుకు కాదు. ఆ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఏదో ఒకటి చేసుకుని కాస్త ఊరట పొందినవాళ్లలో చాలామందికి ఈ బాధ ఉంది, పైకి చెప్పుకోరు. రోడ్ల మీద పిల్లల్ని ఎత్తుకుని నడిచిపోతున్నవాళ్లని టీవీలో చూసి, టీవీ కట్టేసి, మళ్లీ పనిలో పడిన మనుషులం మనం. రేపేం జరుగుతుందో తెలియనప్పుడు మనసు తన చేతికి లొంగే చిన్న పని వెతుక్కుంటుంది. ఈ ముక్క పక్కన ఏ ముక్క అన్నది మాత్రం మీ ఇష్టం, దానికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అడ్డు రాదు. నేనైతే వంటింటి డబ్బాలకి పేర్లు రాసి అంటించాను, పీకేసి మళ్లీ అంటించాను. అలా మూడుసార్లు. మీ పని నా పనికన్నా చాలా నయం.

ఇక ఆలోచన రాకపోవడం గురించి. మీ ఉత్తరంలో మీరు అంతగా గమనించని మాట ఒకటుంది: మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. మీవారి మీటింగు కోసం మిక్సీ ఆపేసి, టీవీ ఆపేసి ఇల్లంతా నోరు మూసుకున్న సమయమది. ఇంట్లో అందరూ ఉన్నారు, కానీ మిమ్మల్ని ఎవరూ పిలవరు. పెళ్లయిన ఇన్నేళ్లలో అలాంటి రెండు గంటలు మీకు అంతకుముందు దొరికాయా? పైగా ఎర్రదారం ఒక్కటే కాబట్టి దారం రంగు ఎంచుకునే బాధ లేదు. కుట్టు ఎటు పోవాలన్నదే ఆలోచించారు. ఇప్పుడు నలభై రంగులు ముందు పెట్టుకుని, అమ్మాయి వీడియోలు చూస్తూ, మధ్యమధ్యలో గ్యాస్ సిలిండరు కోసం తలుపు తీస్తూ కూర్చుంటే ఎవరికైనా చెయ్యి ఆడదు. ఆ దారాలు అమ్మాయికే ఇచ్చి దాచమనండి, కోప్పడకుండా. అమ్మకం సంగతి ఇప్పుడు ఎత్తొద్దనండి. వారంలో రెండు మధ్యాహ్నాలు ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చోండి. ఆరొందల దుప్పటి మాటకి జవాబివ్వకండి. మీవారు దుప్పటి గురించి మాట్లాడుతున్నారు, మీరు దాని గురించి మాట్లాడట్లేదు.

అయితే ఇదంతా సర్దుకున్నా ఆ మూడో బొంత కదలకపోవచ్చు. కుట్టింది మీరే అయినా ‘కుట్టు సన్నగా లేకపోయినా ఫర్వాలేదు, వదులుగా ఉండకూడదు’ లాంటి అమ్మ మాటలు ఏవో ఫోన్లో అవతలి నుంచి వినబడుతూ ఉండి ఉంటాయి. సగంలో ఆగిన బొంత అంటే మీ ఇద్దరి మధ్య ఇంకా పెట్టేయని ఫోన్. అది పూర్తయితే ఆ ఫోన్ పెట్టేసినట్టే. అందుకే మీ చెయ్యి అక్కడ ఆగిందని నా అనుమానం. ఆఖరి చూపు దక్కనివాళ్లకి ఇది మరీ ఎక్కువ. కర్మకాండలో మీరు చేయాల్సిన పని ఏదీ మీ చేతుల మీదుగా జరగలేదు.

అమెరికాలో అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని నది వంపులో ఒక పల్లె ఉంది. అక్కడి నల్లజాతి ఆడవాళ్లు పాత పని బట్టలతో బొంతలు కుడతారు. 1962లో ఊరివాళ్లు ఓటుహక్కు కోసం కదలడం మొదలుపెట్టాక, నది దాటించే పడవ ఆపేశారు. అది మళ్లీ 2006లోగానీ రాలేదు. అన్నేళ్ల దిగ్బంధంలోనూ వాళ్ల కుట్టు ఆగలేదు. 2002 నుంచి ఆ బొంతలు పెద్దపెద్ద మ్యూజియాల గోడల మీద కనబడుతున్నాయి. నేను చెప్పదలుచుకున్నది మాత్రం అంతకు చాలా ముందు, 1942లో కుట్టిన ఒక బొంత గురించి. మిజూరీ పెట్‌వే అనే ఆవిడ భర్త చనిపోతే, ఆయన పొలం పనికి వేసుకున్న బట్టలన్నీ కలిపి బొంత కుట్టింది. ఆయన్ని తలుచుకుంటూ దాన్ని కప్పుకోవడానికే కుట్టిందని కూతురు తర్వాత చెప్పింది. ఆ ఊరి బొంతల్లో మోకాళ్ల దగ్గర వెలిసిన రంగు, జేబు ఊడదీసినచోట ముదురుగా మిగిలిన చదరం అలాగే కనబడతాయి. మనిషి వాడిన గుర్తుల్ని వాళ్లు దాచరు. కత్తెర పెట్టడం ఎప్పుడూ అపచారం కాదని చెప్పడానికే ఇదంతా. పెట్టె అడుగున కలరా ఉండలతో పడున్న చీరకంటే మీరు కప్పుకున్న చీరలోనే అమ్మ ఎక్కువ ఉంటుంది. ఇది నా అభిప్రాయం.

మీ తమ్ముడిది ఇంకో అభిప్రాయం, దానికి ఆయన దగ్గర కారణం ఉండే ఉంటుంది. మీరు చూడలేకపోయినదాన్ని ఆయన చూశారు. పక్కన చెయ్యి పట్టుకునే మనిషి లేకుండా, ఒక్కడే నిలబడి చూశారు. మీకు మిగిలింది అమ్మ గొంతు, రెండు బొంతలు. ఆయనకి మిగిలింది ఆ చివరి రోజులు. మళ్లీ ఇంకోటి ముక్కలవడం ఆయనకి ఇష్టం లేకపోవచ్చు. దాన్ని మొండితనమనుకోకండి. పైగా ఆ చీరలు మీ ఇద్దరివీ. బొంత ఊసు ఎత్తకుండా ఒకసారి వెళ్లి, ‘ఆ రోజు ఏం జరిగిందిరా’ అని అడగండి. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరైనా అడిగారో లేదో! అడిగాక వింటూ కూర్చోండి, ఎంతసేపైనా. ఆ తర్వాత చీరలన్నీ పరిచి, కత్తెర తగలకూడనివి ఏవో ఆయన్నే తీసుకోమనండి. అన్నీ తీసుకుంటే తీసుకోనివ్వండి. బొంతకి ఒక్క జానెడు కొంగు చాలు.

ఈలోగా బొంత ఖాళీగా ఉండక్కర్లేదు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా వైపు సిద్దీలని, ఆఫ్రికా మూలాలున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల ఆడవాళ్లు ‘కావందీ’ అనే బొంతని అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ లోపలికి కుడుతూ వస్తారు. నడిమి భాగం చిట్టచివర నిండుతుంది. అంతా అయ్యాక నాలుగు మూలలా చిన్న గుడ్డముక్కలు మడిచి పెడతారు. వాటిని పువ్వులంటారు, అవి లేనిదే బొంత పూర్తయినట్టు కాదు. మీరూ అలాగే జాకెట్టు ముక్కలతో అంచులు కుట్టుకుంటూ రండి, నడుమ చోటు వదిలెయ్యండి. అది అమ్మ చీరకి. ఈ సంక్రాంతికో వచ్చే సంక్రాంతికో నిండుతుంది. నిండకపోతే అడుగున పరిచిన పాత దుప్పటే కనబడుతుంది, తప్పేం లేదు.

చీరల్లో మెత్తబడిన నూలువి ముందు చూసుకోండి. పాత పట్టుచీర మడతల దగ్గర చిట్లుతుంది. దాని అంచు మాత్రం విడిగా తీసి పెట్టుకోండి. ముక్కలు కదలకుండా ముందు కచ్చా కుట్టు వేసుకోండి, ఇది మీకు అమ్మ చెప్పే ఉంటుంది.

ఒకవేళ ఇది కుట్టుతో ఆగక నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, రోజంతా ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం దాకా వెళితే మటుకు నా ఉత్తరంతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

ఇంకొక్క మాట. ఏ చీరైనా కత్తిరించే ముందు ఉతికి ఆరెయ్యాలి, లేకపోతే తర్వాత ముడుచుకుపోయి కుట్టంతా లాగేస్తుంది. అమ్మ చివరగా కట్టి మడతపెట్టిన చీర వాటిల్లో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే నీళ్లల్లో పెట్టకముందే తమ్ముడికి చెప్పండి. ఆయన దాన్ని అలాగే, ఉతక్కుండా ఉంచుకుంటానంటారేమో.