ఆకుపచ్చ తీగ

రాజోలు

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నీ ఇండక్షన్ స్టవ్ పోయిందట, రిపేరుకి ఇవ్వకుండా నువ్వే విప్పుతానంటున్నావట. "అన్నయ్యా, నువ్వైనా వద్దని చెప్పు" అంది. నాకు నోరు రాలేదు. ముప్పై ఏళ్లు సోల్డరింగ్ ఐరన్ పట్టినవాణ్ణి, మనింట్లో ఇంకొకరికి ఆ బుద్ధి పుడితే ఎలా వద్దంటాను? రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ప్లగ్గు పీకాకే విప్పాలి, అది నీకు తెలుసు. పీకినా లోపల కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు. ఫిలమెంట్ బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు కట్టి, కెపాసిటర్ కాళ్లకి ఆనించి ఖాళీ చెయ్యి. మల్టీమీటర్లో సున్నా వోల్టులు చూశాకే వేలు పెట్టు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి టప్పుమనిపించే వాళ్లని చూసి నేర్చుకోకు.

ముందు బోర్డు మీద బల్లి ఉందేమో చూడు. నవ్వకు. వెచ్చగా ఉందని దూరుతుంది, తను పోతూ స్టవ్వునీ తీసుకుపోతుంది. ఫ్యూజు కొట్టేసిందంటే చాలాసార్లు ఐజీబీటీ, అదే కాయిల్‌కి కరెంటుని వేస్తూ ఆపుతూ ఉండే పవర్ ట్రాన్సిస్టర్, అది కూడా షార్టయి ఉంటుంది. ఒక్క ఫ్యూజే మారిస్తే అదీ పోతుంది. రెండూ మార్చాక సిరీస్‌లో 100 వాట్ల బల్బు పెట్టి కరెంటివ్వు. బల్బు ఒకసారి మెరిసి తగ్గితే పర్వాలేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే షార్టు ఇంకా ఉన్నట్టే. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు.

మైక్రోవేవ్ జోలికి మాత్రం వెళ్లావో, ఊరుకోను. అందులో ఉండేది వేల వోల్టులు.

ఇప్పుడు చెప్పేది మీ అత్తయ్యకి కూడా తెలీదు. 1996 నవంబరు తుఫాను తర్వాత కరెంటు వచ్చేసరికి ఊళ్లో తడిసిన సామానంతా నా షాపు ముందే ఉంది. పక్క వీధి ఆవిడ గ్రైండర్ తెచ్చింది. పిండి రుబ్బి అమ్ముకుంటేనే గడిచే ఇల్లు. మోటారు ఆరబెట్టాను, వైరు కొత్తది వేశాను. అందులో ఆకుపచ్చ తీగ, అదే లీకైన కరెంటుని నేలలోకి పంపే ఎర్త్ తీగ, బాడీ స్క్రూకి జానెడు దూరంలో ఆగిపోయింది. ఇంకో ముక్క అతికితే అయిపోయేది. వెనకాల పదిమంది నిలబడున్నారు. తీగ కోసేసి, టేపు చుట్టి లోపలికి తోసేశాను. గ్రైండర్ గిర్రున తిరిగింది. డబ్బులు లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాను.

మూడు వారాలకి మోటారు లీకై బాడీకి కరెంటు వచ్చింది. ఆవిడ తడి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడి పొత్రం తియ్యబోయింది. చెయ్యి అతుక్కుపోయింది. స్విచ్ కిందకి ఉండబట్టి ఎనిమిదేళ్ల కొడుక్కి అందింది, వాడు ఆపాడు. ఇంకో అడుగు పైన ఉంటే? ఇప్పటికీ ఎవరింటికెళ్లినా ముందు స్విచ్‌బోర్డు ఎంత ఎత్తులో ఉందో చూస్తాను.

నేను పరిగెత్తి వెళ్తే అరుగు మీద కూర్చుని, చేతికి వెన్న రాసుకుంటోంది. "మీరు బాగానే చేశారండీ, తుఫాను నీళ్లు తాగిన మోటారు కదా" అంది. తీగ కట్టాను, డబ్బులు తిరిగిచ్చేశాను. కారణం మాత్రం చెప్పలేదు.

మన లంక నేల రెండడుగులు తవ్వితే చెమ్మే, ఎర్త్‌కి అంతకంటే మంచి నేల ఎక్కడుంటుంది? ఆ చెమ్మే మన కాళ్లకింద ఉంటే మనల్నే ఎర్త్ చేసేస్తుంది. మీ వంటింటి ప్లగ్గులో మూడో కన్నానికి అసలు తీగ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించు. కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించమని అల్లుడుగారితో చెప్పు. ఖర్చు నాది, మొహమాటపడొద్దు.

పాత ఫిలమెంట్ బల్బులు నా పెట్టెలో రెండున్నాయి. ఆదివారం చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు బస్సెక్కుతాను. అప్పటిదాకా మూత విప్పి చూసుకో, కెపాసిటర్ ఖాళీ చెయ్యకుండా లోపల వేలు పెట్టకు, ఆన్ మాత్రం చెయ్యకు. మీ అత్తయ్య పనసపొట్టు కొట్టి పంపిస్తానంటోంది. గ్యాసు పొయ్యి ఉందిగా?

మీ మావయ్య